అయిదో ముక్క కళావరు

శనివారం పొద్దున్న ట్వైలా పొయ్యి మీద బేకన్ వేయిస్తుంటే, వెనక బల్ల దగ్గర మామగారు ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించాడంటే ఏదో కావాలన్నమాట. అత్తగారు పోయాక శాన్ ఏంజెలోలో కొడుకింటికి వచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్లలో ఆయన కోడల్ని నోరు తెరిచి అడిగింది కాఫీ ఒక్కటే.

"అమ్మాయ్, నీకు పోకర్ వచ్చా?"

ట్వైలా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆమె పుట్టింట్లో పేకముక్క గడప తొక్కడానికి వీల్లేదు. వాళ్ల నాన్న బాప్టిస్టు చర్చిలో పెద్ద. పేకలో రాజులూ రాణులూ సైతాను చుట్టాలని ఆయన గట్టి నమ్మకం. అందుకని ఇంటిల్లిపాదీ రాత్రి భోజనాలయ్యాక చుక్కల బిళ్లలతో డామినోలు ఆడుకునేవాళ్లు. డామినోలు పుణ్యమూ పేక పాపమూ ఎలా అయ్యాయని చిన్నప్పుడొకసారి అడిగి, లెంపకాయ తిన్న పిల్ల ట్వైలా.

"రాదు మామయ్యా. కానీ నేర్చుకుంటాను" అంది. అన్నది నేనేనా అని తనకే ఆశ్చర్యం వేసింది.

సంగతేమిటంటే, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే నలుగురు ముసలాళ్లు పేకాడతారు. ఎల్డన్, బతుకంతా బోరుబావులు తవ్విన హోయ్ట్, మంగలి షాపు లూపె, ఇంకా బర్ల్ అనే ఆయన. బర్ల్ కాస్తా మోకాళ్లు అరిగిపోయి అమరిల్లోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ముగ్గురితో పోకర్ ఉప్పులేని పప్పే. నాలుగో మనిషి కావాలి. ట్వైలా మొగుడు డేల్‌కి ఉన్ని గోదాము పనితోనే సరిపోతుంది, పైగా పేక పట్టుకుంటే ఆవలింతలు.

ఆ సాయంత్రం నుంచే చదువు మొదలైంది. ఎల్డన్ అయిదు ముక్కలు పంచేవాడు. "గట్టిగా చదువు అమ్మాయ్, అప్పుడే బుర్రకెక్కుతాయి" అనేవాడు. ట్వైలా బళ్లో పిల్లలాగా ఇస్పేటు ఆసు, ఆఠీను రాణి అని చదివేది. అన్నిటికన్నా చిన్నది జత. దానికంటే రెండు జతలు మేలు, దానికంటే ఒకే అంకె మూడు మేలు. వరసగా అయిదు అంకెలు పడితే మరీ మంచిది. అయిదూ ఒకే గుర్తువైతే ఇంకా మేలు, దాని పేరు ఫ్లష్. ఒక అంకె మూడూ, ఇంకో అంకె రెండూ కలిస్తే ఫుల్‌హౌస్, అది ఫ్లష్‌ని కొడుతుంది. నచ్చని ముక్కలు ఒక్కసారి మార్చుకోవచ్చు. ఆపైన ఎదుటివాడు ఎంత పందెం పెడితే అంత పెట్టాలి, ధైర్యముంటే పెంచాలి, లేదంటే ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవాలి.

చేతిలో చెత్త పెట్టుకుని రాజాలాగా పందెం పెంచొచ్చని ఆయన చెప్పినప్పుడు మాత్రం ట్వైలాలోని బాప్టిస్టు పిల్ల లేచి కూర్చుంది.

"అది అబద్ధం కాదా మామయ్యా?"

"బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధమెలా అవుతుంది తల్లీ? కానీ ముక్కలు పరిచాక మాత్రం దబాయింపు కుదరదు. నోరు ఏం చెప్పినా లెక్క కాదు. బల్ల మీద ముక్క ఏం చెబితే అదే తీర్పు."

ట్వైలాకి పిచ్చి పట్టుకుంది. స్నానం చేస్తూ జత, రెండు జతలు, మూడు అని వల్లించుకునేది. పచారీ కొట్లో లైన్లో నిలబడి ముందున్నావిడ మొహం చూసి ఈవిడ చేతిలో ఏముందో అనుకునేది. మీ నాన్న సమాధిలోంచి లేచొచ్చి నన్ను తంతాడని డేల్ ఏడిపించేవాడు. అన్నిటికంటే వింత, మామగారు మాట్లాడుతున్నాడు. జోకులేస్తున్నాడు. వేసవి నుంచీ హోయ్ట్‌నీ లూపెనీ ఎలా చావగొడుతున్నాడో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఈ వయసులో చెయ్యి ఇలా తిరగడం ఎప్పుడూ చూడలేదని ఆయనే మురిసిపోయేవాడు.

నెల తిరిగేసరికి ఆమెను ఆటలో కూర్చోబెట్టారు. పొయ్యి మీద చిలీ మాంసం కూర కుతకుతలాడుతోంది. హోయ్ట్ చెవిలో వినికిడి మెషిన్ సరిచేసుకుంటూ, బాప్టిస్టు పిల్లని పక్కన పెట్టుకుంటే దేవుడొచ్చి మన ముక్కలన్నీ ఆవిడకి చెప్పేస్తాడురా అని నవ్వాడు. ట్వైలా రెండో పంపకంలోనే రెండు జతలతో గెలిచింది. డబ్బుకి బదులు పందెం కాసే చిప్పులు తన వైపుకి లాక్కుంటుంటే లోపల ఎవరో డప్పు కొట్టినట్టయింది. ఇంత సంతోషాన్ని పాపమన్నందుకు తండ్రి మీద కోపం కూడా వచ్చింది.

కాసేపటికి పెద్ద పందెం పడింది. ట్వైలా ముందే తప్పుకుంది, లూపె కూడా తప్పుకున్నాడు. హోయ్ట్ మూడు రాజులు పరిచాడు. ఎల్డన్ ఠీవిగా తన ముక్కలు పరిచాడు.

"ఫ్లష్. అయిదూ ఇస్పేట్లే. నీ రాజుల్ని ఇంటికి తోలుకుపో."

హోయ్ట్ తల ఊపి తన ముక్కలు బోర్లా తిప్పేశాడు. అప్పటికే ట్వైలా చూపు బల్ల మీద పడింది. నేర్చుకున్న చదువు గుర్తుకొచ్చింది, పట్టేశానన్న సంబరం నోటిదాకా వచ్చింది. ఇంకేం ఆగుతుంది.

"మామయ్యా, అయిదో ముక్క కళావరు! ఇది ఫ్లష్ కాదు!"

బల్ల కింద హోయ్ట్ ఆమె కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. లూపె తల దించుకుని కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. ఎల్డన్ ఆ ముక్క తీసి, తల పక్కకి తిప్పి, కంటి చివర నుంచి చాలాసేపు చూశాడు. అప్పుడు తట్టింది ట్వైలాకి, ఆ నెలరోజులూ తనచేత ముక్కలు ఎందుకు గట్టిగా చదివించాడో.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు ఎల్డన్.

హోయ్ట్ ఏదో నవ్వులాటలో పెట్టబోయాడు. లూపె అడ్డుపడ్డాడు. "వేసవి నుంచి, ఎల్డన్. నల్లవి రెండూ, ఇస్పేటూ కళావరూ, నీకు ఒకలాగే కనిపిస్తున్నాయని మాకు తెలుసు. నువ్వు సంతోషంగా ఉన్నావు. పోనీలే అనుకున్నాం."

"అయితే ఇన్ని శనివారాలూ నేను గెలవలేదు. మీరు ముష్టి వేశారు."

ఆయన తన ముందున్న చిప్పులన్నీ బల్ల మధ్యకి నెట్టేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ముసలాళ్లిద్దరూ టోపీలు తీసుకుని వెళ్లిపోయారు. చిలీ అడుగంటిన వాసన వచ్చేదాకా ట్వైలా కుర్చీలోంచి లేవలేదు.

గోదాము నుంచి వచ్చిన డేల్ సంగతంతా విని మండిపడ్డాడు. ఆ ముసలాయనకి మిగిలింది శనివారం ఒక్కటే, దాన్ని కూడా చెడగొట్టావు, నీకు నోరు ఆగదా అన్నాడు. ట్వైలా ఊరుకోలేదు. నేర్పిందే ఆయన, ముక్క చెప్పిందే తీర్పన్నదీ ఆయనే, తెలిసి దాచినవాళ్లని వదిలేసి నన్నంటావేమని నిలదీసింది. మాటకి మాట పెరిగింది. ఇంతలో తలుపు తెరుచుకుంది. ఎల్డన్ వచ్చి ట్రక్కు తాళాలు కొడుకు ముందు పెట్టాడు.

"ఇవి తీసుకో. మొన్న వాకిట్లో మన పోస్టు డబ్బాని బండితో గుద్దింది నేనే. బండి పోతే పోనీ, కళ్లు పోతున్నా ఎలాగో సరిపెట్టుకుంటాను. పసివాడికి మిఠాయి పెట్టినట్టు నాకు ఆట పెట్టారు చూడు, అది మాత్రం మింగుడు పడదు. ఇక పేక ముట్టను. నా కోసం మీరిద్దరూ కొట్టుకోకండి."

ట్వైలా వంటింట్లో నిలబడి భోరున ఏడ్చింది. నిజం చెప్పినందుకు కాదు. ఆయన ముందు పరీక్ష నెగ్గాలన్న ఉబలాటంలో, ఎదుట ఉన్నది మనిషని మరిచిపోయి చెప్పినందుకు.

సోమవారం ఆయన్ని తనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చూపు నడిమధ్యలో పోతోంది, తిరిగి రాదు, కానీ అంచుల్లో నిలుస్తుంది అన్నాడు డాక్టరు. పెద్ద అక్షరాలూ వేరువేరు రంగులూ ఉంటే పోల్చుకోగలరన్నాడు. ఆ మాట పట్టుకుని ట్వైలా ఊళ్లో ఉన్న కొట్లన్నీ తిరిగింది. చివరికి దొరికిన పేక తెచ్చి మామగారి కాఫీ పక్కన పెట్టింది. కోడిగుడ్డంత అంకెలు. ఇస్పేట్లు నలుపు, ఆఠీన్లు ఎరుపు, కళావర్లు ఆకుపచ్చ, డైమన్లు నీలం.

ఎల్డన్ దాన్ని దూరంగా నెట్టాడు. "గుడ్డివాళ్ల పేక నాకెందుకు?"

"హోయ్ట్ మామ చెవిలో మెషిన్ పెట్టుకుని ఆడట్లేదా? ఆయన్ని చెవిటాడని ఆటలోంచి లేపారా మీరు?"

కాఫీ చల్లారిపోయింది. ట్వైలా లేచి గిన్నెలు తోముకుంటుంటే వెనక పేక కలుపుతున్న చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎక్కడ ఆపేస్తాడోనని భయం.

"ఒక షరతు" అన్నాడు ఎల్డన్ కాసేపటికి. "ఎవరైనా నా మీద జాలి పడి ఆడారో, అదే ఆఖరి ఆట. నీకూ అంతే."

శనివారం హోయ్ట్, లూపె బెరుగ్గా వచ్చారు. ఆ రంగుల పేక చూసి, సర్కస్ కంపెనీ వచ్చిందా ఊళ్లోకి అని హోయ్ట్ గొణిగాడు. ఎల్డన్ షరతు మళ్లీ చెప్పాడు. ఇద్దరూ సరేనన్నారు. మొదట అందరూ గాజుపాత్ర మోస్తున్నట్టు ఆడారు. ఎల్డన్ తల వంచి, ముక్కల్ని కంటి చివరకి తెచ్చుకుని, ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. పోను పోను వేడెక్కింది. తిట్లు, వెక్కిరింపులు మళ్లీ మొదలయ్యాయి. హోయ్ట్ దొంగ పందెం పెంచితే ఎల్డన్ పట్టేశాడు. లూపె బల్ల గుద్ది నవ్వాడు.

అప్పుడు వచ్చింది ఆ పంపకం. ట్వైలాకి తొమ్మిదులు మూడు పడ్డాయి. మిగతా రెండూ మార్చుకుంటే రెండు రాణులు వచ్చి కూర్చున్నాయి. ఫుల్‌హౌస్. మొహం మాత్రం ఆదివారం ప్రార్థనలో ఉన్నట్టు పెట్టుకుంది. ఎల్డన్ ఒక్క ముక్కే మార్చుకున్నాడు. వచ్చినదాన్ని కంటి చివర నుంచి రెండుసార్లు చూశాడు. ఆయన చెంపలు ఎర్రబడ్డాయి. తన దగ్గరున్న చిప్పులన్నీ బల్ల మధ్యకి తోశాడు.

హోయ్ట్ తప్పుకున్నాడు, లూపె తప్పుకున్నాడు. ఒక్క ముక్క మార్చి అంత పందెం కాశాడంటే ఆయనకి ఫ్లష్ పడిందని ట్వైలాకి తెలిసిపోయింది. ఆయనే చదివి, ఆయనే పోల్చుకుని, నమ్మి తోసిన ఫ్లష్. గుమ్మంలో నిలబడ్డ డేల్, భార్య వెనకనుంచి ఆమె ముక్కలు చూశాడు. ఆమె తిరిగి చూస్తే, పడేయమన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ముక్కలు బోర్లా పెడితే చాలు, ఎవరికీ తెలియదు. మామగారి మొహం వెలిగిపోతుంది. ఇన్ని రోజుల ఏడుపుకీ మందు ఆమె చేతిలోనే ఉంది. ఇష్టమున్నచోట ఓడిపోవడం ఎంత తేలికో ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఆమె తన చిప్పులన్నీ ముందుకి తోసింది. "చూపించండి మామయ్యా."

ఎల్డన్ పరిచాడు. అయిదూ నీలం. అయిదూ డైమన్లు. తప్పేమీ లేదు. హోయ్ట్ అబ్బా అన్నాడు. ట్వైలా తన ముక్కలు ఒక్కొక్కటే పెట్టింది. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. రాణి, రాణి. డేల్ కళ్లు మూసుకున్నాడు.

ఎల్డన్ ముందుకి వంగి, తల పక్కకి తిప్పి, అయిదు ముక్కలూ చూశాడు. మళ్లీ చూశాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ట్వైలా లేవబోయింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఓడిపోయాను" అన్నాడు. "హోయ్ట్, చూశావట్రా? నా కోడలు నన్ను నిలువునా దోచేసింది. నిజంగా ఓడిపోయాను."

ట్వైలా బల్ల మీదుగా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేసి, కళ్లు తుడుచుకుని, పేకంతా ఆమె వైపు జరిపాడు.

"పంచు తల్లీ. డేల్, నాకు ఇంకో డబ్బా చిప్పులు పట్రా. దీని సంగతి చూడాలి."