ఆడపడుచు పేరు మీద ఉన్న లైను

పొద్దున్నే కొత్త షాపులో అడుగుపెట్టిన ఆల్బమ్ మేడమ్‌కి ముందుగా కనిపించినవి భర్త పాదాలు. మిగతా మనిషంతా బల్ల కింద ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నారు?"

"ప్లగ్గు."

"లైనే లేనిదానికి ప్లగ్గెందుకు?"

"అయిపోతుంది" అంది బల్ల కింది గొంతు.

గోడవార కూర్చున్న, షాపులో పనిచేసే ముగ్గురు అమ్మాయిలూ నవ్వు దాచుకోవడానికి తలలు దించుకున్నారు. ఆయనకి వాళ్లు పెట్టుకున్న పేరే అది: అయిపోతుంది గారు. మేడమ్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసినా ఒక్కరోజూ కోప్పడలేదు. మనిషికి సరిపోయిన పేరు పెడితే కోప్పడడమెందుకు?

వాళ్లది పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే వ్యాపారం. స్టూడియోల వాళ్లు వేలకొద్దీ ఫొటోలు ఇంటర్నెట్‌లో పంపిస్తారు. వీళ్లు అందులో మంచివి ఏరి, దిద్ది, పేజీలుగా పేర్చి తిరిగి పంపిస్తారు. వచ్చేదీ పోయేదీ అంతా ఒక్క సన్నటి ఫైబర్ తీగ మీదే. అది లేకపోతే ఈ గదిలో బల్లలూ కుర్చీలూ తప్ప వ్యాపారమన్నదే లేదు.

పాత భవనాన్ని యజమాని పడగొట్టిస్తున్నాడు. బుద్ధున్నవాడెవడైనా ముందు లైను మార్పించుకుని తర్వాత సామాను కదుపుతాడు. ఈయన ముందు అద్దాల బీరువా తెప్పించాడు. తర్వాత గోడగడియారం తెచ్చి, ఎక్కడ పెడితే బాగుంటుందో ఒక పూటంతా ఆలోచించాడు. లైను సంగతి గుర్తొచ్చేసరికి పాత గోడతో పాటు తీగ కూడా కూలీల గునపాల కింద తెగిపోయింది.

ఊళ్లోకెల్లా పెద్ద స్టూడియో ఈ సీజను పనంతా వీళ్లకే ఇస్తానంది. మొదటి పెళ్లి ఫొటోలు ఇవాళ సాయంత్రం పంపిస్తారు. అందుకోలేకపోతే ఇంకో షాపు చూసుకుంటామని నిన్ననే మర్యాదగా చెప్పేశారు. వీళ్లు ఫోన్లో నెట్ పెట్టి చూశారు. ఒక్క ఫొటో దిగేలోపు టీ చల్లారిపోయింది.

నిచ్చెన దిగుతూ లైను మనిషి చేతులు దులుపుకున్నాడు. "తీగ లాగేశాను మేడమ్. పెట్టె కూడా బిగించేశాను. ఓటీపీ చెప్తే ఆన్ చేసేస్తా."

"నాకేం రాలేదే?"

"మీకెందుకొస్తుంది? కనెక్షన్ ఎవరి పేరు మీదుందో వాళ్లకొస్తుంది. చివర్న నలభై ఆరు ఉన్న నంబరు."

బల్ల కింద ఠంగుమని చప్పుడైంది. భర్త తల తడుముకుంటూ పైకి లేచాడు. "అది చిట్టి నంబరు" అన్నాడు మెల్లగా.

మేడమ్ అమ్మాయిల వైపు చూసింది. వాళ్లు ఒక్కసారిగా లేచి, టీ తాగొస్తామంటూ బయటికి నడిచారు.

చిట్టి ఆయన చెల్లెలు. ఈ వ్యాపారం పడగ్గదిలో ఒక్క కంప్యూటరుతో మొదలైనప్పుడు దాని ముందు కూర్చున్నది ఆ పిల్లే. లైను కూడా అప్పుడే తన పేరు మీద తీసుకుంది. షాపు పెద్దదయ్యాక మేడమ్‌కి ఆడపడుచు పని నచ్చడం మానేసింది. మేడమ్ ఆల్బమ్‌లలో అందరి మొహాలూ నున్నగా, తెల్లగా, ఒక్క అచ్చులో పోసినట్టు ఉండాలి. ఒకసారి పెళ్లికూతురి తల్లి చెంప మీద పుట్టుమచ్చ తీసేయిస్తే, చిట్టి చెప్పకుండా మళ్లీ పెట్టేసింది. "మచ్చ తీసేస్తే అది ఆవిడ మొహమే కాదు వదినా" అంది. మేడమ్‌కి ఒళ్లు మండింది. అందరి ముందూ అనేసింది: "ఈ కుర్చీ మీ అన్న మొహం చూసి నీకు పడేసిన భిక్ష. నువ్వున్నా లేకపోయినా ఈ షాపు నడుస్తుంది."

చిట్టి చేస్తున్న పేజీ పూర్తిచేసి, కంప్యూటరు ఆపి, వెళ్లిపోయింది. ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక ఇరుకు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటోంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే మేడమ్ పెదవి ఒక పక్కకి జరుగుతుంది.

"రెండేళ్లయింది. పేరు మార్పించమని ఎన్నిసార్లు చెప్పాను?" అంది భర్తతో.

"చెప్పావు."

"మర్చిపోయారు. మీకు గుర్తుండేది భోజనం వేళ ఒక్కటే."

"మర్చిపోలేదు." ఆయన తల తడుముకోవడం ఆపాడు. "కావాలనే ఉంచాను. దాని చేతుల మీద మొదలైన షాపు. ఒక్కటన్నా దాని పేరు మీద ఉండనీ అనుకున్నాను."

మేడమ్ ఒక్క క్షణం తడబడింది. వెంటనే సర్దుకుని నవ్వింది. "ఓహో! అన్నాచెల్లెళ్ల అనురాగమా? అద్దె కట్టే రోజు కూడా ఇలాగే పొంగిస్తారా? కొత్త కనెక్షన్ తీసుకుందాం పదండి."

"కొత్తదంటే వారం పడుతుంది మేడమ్" అన్నాడు లైను మనిషి, తనని అడగకపోయినా.

"చిట్టి దగ్గరికి నేనే వెళ్తాను" అంది మేడమ్ భర్తతో. "మీరు వెళ్తే అన్నాచెల్లెళ్లు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు."

చిట్టి గదిలో గోడకి తెల్ల గుడ్డ, దాని ముందు స్టూలు, స్టూలు మీద ఒక ముసలాయన ఉన్నారు. బెంచీ మీద మరో ఇద్దరు కూర్చున్నారు. మేడమ్ గుమ్మంలో నిలబడి గది నాలుగు మూలలూ ఒక చూపులో కొలిచేసింది. తమ షాపులో బీరువాకే ఇంతకంటే ఎక్కువ చోటుంది.

"ఫోను తియ్యి. ఓటీపీ వస్తుంది. చదివితే వెళ్తాను."

చిట్టి కెమెరా లోంచి కన్ను తియ్యలేదు. "కూర్చోండి వదినా. మీకంటే ముందొచ్చినవాళ్లున్నారు."

"నేను ఫొటో తీయించుకోవడానికి రాలేదు."

"తెలుసు. నా ఫొటోలో మీ మొహం మీ మొహంలాగే ఉంటుంది. మీకు నచ్చదు."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ చెవులు వేడెక్కాయి. బల్ల మీదున్న చిట్టి ఫోను మోగి, వెలిగింది. చిట్టి చూసింది. చూసి, ముసలాయన చొక్కా కాలరు సరిచేసింది. "గడ్డం కొంచెం దించండి తాతగారూ. అంతే."

మేడమ్ ఫోను మోగింది. అవతల లైను మనిషి. "టైమ్ దాటిపోయింది మేడమ్. మళ్లీ పంపిస్తున్నా."

"ఎంత పొగరే నీకు!" అంది మేడమ్. "మీ అన్నా నువ్వూ కలిసి ఆడుతున్న ఆట ఇది. నా షాపు మూయించాలని!"

"నేనున్నా లేకపోయినా నడిచే షాపు కదా అది. నేనెలా మూయించగలను?" చిట్టి ఇప్పుడు ఇటు తిరిగింది. "ఆట ఆడాలంటే రెండేళ్ల కిందే ఆడేదాన్ని వదినా. లైను నా పేరు మీదుంది. కంపెనీకి ఒక్క ఫోను చేసి, నాకొద్దు, తీసేయండి అంటే చాలు. సీజను నడిమధ్యలో మీ కంప్యూటర్లన్నీ నోళ్లు తెరుచుకుని కూర్చునేవి. కోపమొచ్చినప్పుడల్లా నంబరు నొక్కేదాన్ని."

"మరి?"

"ఆ ముగ్గురమ్మాయిలు గుర్తొచ్చేవాళ్లు. అన్నయ్య గుర్తొచ్చేవాడు." చూపు బల్ల మీది ఫోను వైపు మళ్లింది. "ఇంకోటి కూడా ఉంది. చెప్తే నవ్వుతారు."

"చెప్పు."

"మీరు నెల డబ్బు కట్టగానే కంపెనీ నుంచి నాకు మెసేజ్ వస్తుంది. 'చెల్లింపు అందింది, ధన్యవాదాలు' అని, నా పేరుతో. కంప్యూటరు పంపిస్తుంది, నాకు తెలుసు. కానీ ఆ షాపు తరఫున నాకు వచ్చిన మంచిమాట అదొక్కటే వదినా. లైను తీసేస్తే అదీ రాదు కదా."

మేడమ్ నవ్వలేదు. నవ్వు కోసం పెదవి పక్కకి జరగబోయి, అక్కడే వణికింది. తను ప్రతి నెలా విసుక్కుంటూ కట్టిన డబ్బు ఈ ఇరుకు గదిలోకి ఒక ధన్యవాదంగా వచ్చి పడుతోందని, దానికోసం ఒక మనిషి ఎదురుచూసిందని తనకేం తెలుసు? పడగ్గదిలో ఆ ఒక్క కంప్యూటరు ముందు ఈ పిల్ల కళ్లు ఎర్రబడేదాకా కూర్చున్న ఒక్క రోజైనా తన నోటి నుంచి ఆ మాట వచ్చిందా? ఎంత వెతికినా దొరకలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మంలో నిలబడలేక బెంచీ చివర కూలబడింది. పక్కనున్నావిడ కొంగు సర్దుకుని చోటిచ్చింది.

"చిట్టీ... మచ్చ ఉంచడమే సరైంది" అంది చివరికి. "నేనన్న మాటే సరైంది కాదు."

చిట్టి కెమెరాకి మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఫోను మళ్లీ వెలిగింది. ఈసారి అంకెలు ఒక్కొక్కటే పైకి చదివింది. మేడమ్ కళ్లు తుడుచుకుంటూ, వాటిని ఫోన్లో లైను మనిషికి రెండుసార్లు చెప్పింది.

"వచ్చేసింది మేడమ్, పచ్చలైటు!" అన్నాడతను. వెనక అమ్మాయిల కేకలు వినిపించాయి. "ఎలాగూ ఆవిడ పక్కనే ఉన్నారు కదా. ఇంకో ఓటీపీతో కనెక్షన్ మీ పేరు మీదకి మార్చేయమంటారా? మళ్లీ మళ్లీ ఈ తిప్పలెందుకు?"

"వద్దు. ఆవిడ పేరు మీదే ఉంచండి."

ఫోను పెట్టేయగానే చిట్టి తలెత్తింది. గొంతులో వెటకారం ఎక్కడికీ పోలేదు. "బాగా ఆలోచించుకోండి. రేపు షాపు ఇంకోచోటికి మారిస్తే మళ్లీ నా కాళ్ల చుట్టూ తిరగాలి."

మేడమ్ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"తిరుగుతానులే" అంది.