ఒక్క దెబ్బంటే రమ్మని

మా ఇంట్లో ట్రాక్టర్ ట్రాలీ వెనక నడిచేవాళ్లకి మాటలుండవు. దెబ్బలే. ఇంజను మోతలో అరుపు వినబడదు కనక వెనక రేకు మీద ఒక్క దెబ్బ కొడితే రమ్మని, రెండు కొడితే ఆగమని. మామగారి కాలం నుంచీ ఇదే లెక్క. నేను కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్య మొదట నేర్పింది వంట కాదు, ఇది.

ఆ లెక్క తప్పబట్టే మా బావగారు పోయారు. రాళ్లు కోసే షెడ్డుకి వెళ్లే సందులో మోచెయ్యిలా వంగిన మలుపొకటుంది. మా ఆయన ట్రాక్టర్‌ని వెనక్కి నడుపుతుంటే, వెనక నిలబడ్డ బావగారు ట్రాలీకీ గోడకీ మధ్య నలిగిపోయారు. చూసినవాళ్లు ఆయన రెండు దెబ్బలు కొట్టారన్నారు. "నాకు ఒక్కటే వినబడిందమ్మా" అని మా ఆయన ఆవిడ కాళ్లు పట్టుకుని చెప్పినా అత్తయ్య నమ్మలేదు. అప్పట్నుంచీ ఆయనకి అన్నం వడ్డించేది గానీ మాట్లాడేది కాదు.

మొన్న చలికాలంలో మళ్లీ ఆ షెడ్డు నుంచే బండలు తేవాల్సొచ్చింది. సందు అవతలి వైపు తవ్వి వదిలేశారు. లోపల బండి తిప్పే చోటు లేదు కనక ఇటునుంచి వెనక్కే పోవాలి. అత్తయ్య మా మరిది చేతిలో పెద్ద ఇనప స్పానర్ పెట్టింది.

"చేత్తో కాదురా, దీంతో కొట్టు. చెవిటివాడికైనా వినబడాలి." ఆ మాట ఎవరికో అందరికీ తెలుసు. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వూ వెళ్లు. ఇద్దర్నీ క్షేమంగా తీసుకొచ్చే పూచీ నీది."

దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరాను.

అప్పుడే తెల్లవారింది. సందులో మంచు తడిగుడ్డలా వేలాడుతోంది. తడిసిన రాతిపొడి వాసన, డీజిల్ వాసన. ట్రాలీ ఖాళీది. చుట్టూ రేకులు మనిషికంటే ఎత్తు. లోపలికి చూడాలంటే ఎక్కాల్సిందే. ఎవరూ ఎక్కలేదు.

"ముందుకి లాగితే బుద్ధిగా వెంటొస్తుంది వదినా, వెనక్కి తోస్తేనే నీలాగా ఎదురు తిరుగుతుంది" అన్నాడు మరిది.

"నోర్మూసుకుని గోడ చూడవయ్యా" అన్నాను. నవ్వొచ్చింది. అదే ఆఖరి నవ్వు.

స్టీరింగ్ ఎడమకి తిప్పితే ట్రాలీ తోక కుడికి పోతుంది. మా ఆయన కొంచెం కొంచెంగా తిప్పుతూ వస్తున్నారు. మలుపు దగ్గర పక్కన నిలబడే చోటు లేదు. నేను గోడలో ఉన్న పాత తలుపు గూట్లోకి ఒదిగాను. మరిది తోక వెనకే ఉన్నాడు. ఒక్క దెబ్బ. ట్రాలీ వచ్చింది. ఇంకొకటి. వచ్చింది.

గోడ దగ్గరపడింది. మరిది గట్టిగా రెండు కొట్టాడు.

ట్రాలీ ఆగింది.

అప్పుడు... లోపలి నుంచి... ఒక్క దెబ్బ.

అదే మోత. అదే బలం. మరిది నా వైపు చూశాడు. స్పానర్ వాడి చేతిలో గాల్లోనే ఉంది.

"వదినా... లోపల ఎవరు?"

ట్రాలీ కదిలింది. వాడు రెండు కొట్టాడు. లోపల ఒకటి. మళ్లీ రెండు. మళ్లీ ఒకటి. నేను గొంతు చించుకున్నాను. రెండు చేతులతో రేకు బాదాను. అరచేతులు చిట్లాయి. తోక ఒక్కసారిగా పక్కకి విసిరింది. వాడి ఛాతీ గోడకి అదుముకుపోయింది. పక్కటెముకలు ఎండుకర్రల్లా విరగడం ఇంజను మోతలోనూ విన్నాను. నోట్లోంచి రక్తం నా మొహం మీదికి చిమ్మింది. అయినా ట్రాలీ ఆగలేదు. లోపల ఇంకా కొడుతూనే ఉంది... ఒకటి... ఒకటి...

గోడ పెళ్లలు రాలాకే ఆగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి చూసి కూలబడ్డారు.

"ఒక్కటే కొట్టాడే... ఒట్టు..."

ఇంటికొచ్చాక అత్తయ్య నా భుజాలు పట్టుకుని కుదిపింది. "నువ్వేం విన్నావే?"

విన్నది చెప్పాను. ఆవిడ వెళ్లి, ఇన్నాళ్లకి, మా ఆయన తల మీద చెయ్యి వేసింది. "నాయనా" అంది.

ట్రాలీ కడిగింది నేనే. వెనక రేకు లోపలివైపు చూశాను. బయటికి పొడుచుకొచ్చేలా లోపలి నుంచి పడ్డ సొట్టలు. కొన్ని కొత్తగా మెరుస్తున్నాయి. కొన్ని బాగా తుప్పు పట్టినవి. బావగారి నాటివి. వాటికంటే ముందువి కూడా.

అమ్మేశాం. కొన్న మనిషి తన ట్రాక్టర్ తనే నడుపుకుంటూ వచ్చాడు. ట్రాలీ ముందు కొక్కెం ఎత్తి పిన్ను వెయ్యడం ఒక్కడి వల్ల కాదు.

"మీరు మధ్యలో నిలబడొద్దు" అని మా ఆయన్ని బతిమాలాను.

"ఈ ఒక్కసారికే. పోతే పీడ వదులుతుంది." ఆయన ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్యకి వెళ్లి, డ్రైవర్‌తో అరిచి చెప్పారు. "దెబ్బలు కొట్టనయ్యా, నేను చెయ్యి ఊపితేనే రా!"

అతను తలూపాడు. ఇంజను మొదలైంది. నేను గడపలో నిలబడి దేవుడి పేరు తలుచుకుంటున్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఉంది. ట్రాలీ వెనక ఎవరూ లేరు. మా ఆయన రెండు చేతులతో కొక్కెం ఎత్తిపట్టుకుని ఉన్నారు.

రేకు మీద ఒక్క దెబ్బ మోగింది.

డ్రైవర్ తల తిప్పి చూడలేదు. ట్రాలీ లాగేవాళ్ల చెవికి ఎక్కడైనా ఒక్క దెబ్బంటే రమ్మనే. ఇంజను గొంతు మారి, ట్రాక్టర్ వెనక్కి కదిలింది.