కడుపు చెప్పిన కారణం

2080 నాటికి పొట్ట ఆపరేషన్ అయినవాళ్ల బంధువులు డాక్టర్ల వెంటపడటం మానేశారు. "ఎలా ఉందండీ?" అని డాక్టర్ని అడిగే కాలం పోయింది. "కడుపు ఏమంటోంది?" అని మంచం పక్కనున్న తెరనే అడుగుతున్నారు. కడుపు తరఫున మాట్లాడేది ఆంత్రసాక్షి.

అది ఉల్లిపొరకన్నా పలచటి పొర. ఆపరేషన్ ముగించి పొట్ట మూసేముందు దాన్ని పేగుల మీద పరుస్తారు. అందులోని లక్ష సెన్సర్లు పేగు కదలికను, ఒత్తిడిని, ఆమ్లాన్ని, చీమునూ పసిగడతాయి. పేగుకి చిల్లుపడి లోపలి రసాలు చర్మం దాకా దారి చేసుకుంటే దాన్ని ఫిస్టులా అంటారు. పూర్వం ఆ దారి ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికే రంగుమందులూ స్కాన్లూ పెట్టి వారాలు గడిపేవారు. ఈలోగా రోగి చిక్కి శల్యమయ్యేవాడు, రసం తగిలిన చోటల్లా చర్మం ఒలిచినట్టయ్యేది. ఆంత్రసాక్షి వచ్చాక చోటు, కారణం, చికిత్స మూడూ నిమిషంలో తెలిసిపోతున్నాయి.

దానికి చదువు చెప్పిన మనిషి డాక్టర్ హాసిని. అరవై ఆరేళ్ల ఆవిడ ఇప్పుడు తను ఒకప్పుడు ఏలిన వార్డులోనే, ఏడో నంబరు మంచం మీద వణుకుతూ పడుకుని ఉంది. పేగు మెలిపడితే ఆపరేషన్ చేసి, చెడిన ముక్క తీసేసి, కొసలు అతికి ఐదు రోజులైంది.

పొద్దున కట్టు మీద పచ్చటి తడి కనిపించింది. పేగు అతికిన చోటు కుడివైపు ఉంది. అతుకు లీకైతే తెలియడానికి అక్కడ పెట్టిన గొట్టంలో చుక్క కూడా లేదు. పసరంతా నడిపొట్ట కోతలోంచే వస్తోంది. దాని అర్థం ఏమిటో ఆవిడకు వెంటనే తెలిసింది. నలభై ఏళ్లు ఇతరుల కళ్లలో చూసిన భయం తనదాకా వస్తే ఇంత బరువుగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

డాక్టర్ అగ్నివేశ్ వచ్చాడు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడు, ఈ ఆపరేషన్ చేసినవాడు. తెర వైపు తిరిగి కారణం అడిగాడు.

"అతుకు దగ్గర లీకు," అంది ఆంత్రసాక్షి. "కారణం రోగి వయసు, పోషకాహార లోపం. కోతలోంచి పూడికజిగురు ఎక్కిస్తే దారి మూసుకుపోతుంది."

"జిగురు వద్దు అగ్నీ," అంది హాసిని. "పొట్ట గోడ మూసేటప్పుడు నీ కుట్టులో పేగు పడింది. అక్కడినుంచి కిందికి పేగు బిగుసుకుపోయింది, పొట్ట ఎలా ఉబ్బిందో చూడు. ఉన్న ఒక్క దారీ పూడ్చేస్తే రసమంతా లోపలే నిండిపోతుంది. సాయంత్రం దాకా కూడా నేను ఉండను. థియేటర్‌కి తీసుకెళ్లి ఆ కుట్టు కోసెయ్."

"ప్రతి కుట్టూ చూసుకునే వేశాను మేడమ్," అన్నాడతను. "అయినా ఇది తప్పు చెప్పదని మాకు నేర్పింది మీరే కదా."

ఆవిడ తెర వైపు తల తిప్పింది. "నడికోత కింద పేగు ఒత్తిడి ఎంత?"

"సాధారణం కన్నా నాలుగు రెట్లు," అంది యంత్రం. "అది కారణానికి సంబంధించిన విషయం కాదు."

"డాక్టరు కుట్టు వల్ల ఫిస్టులా వచ్చిన కేసులు నీ చదువులో ఎన్ని ఉన్నాయి?"

"నలభై వేల కేసుల్లో ఒక్కటీ లేదు."

ఆ కేసుషీట్లన్నీ దానికి ఇచ్చింది హాసినే.

"వికటించిన కేసుల మీద మన శనివారం మీటింగులు గుర్తున్నాయా నీకు?" అంది అగ్నివేశ్‌తో మెల్లగా. "పేగుకి తగిలింది మన సూది, మనం రాసింది మాత్రం రోగి మీద. కొత్తవాళ్లు ఉన్నదున్నట్టు రాసుకొస్తే నేనే కొట్టేయించి పోషకాహార లోపం అని రాయించాను. నీ చేత కూడా రాయించాను. ఇది నిజం కనిపెట్టడం నేర్చుకోలేదురా అగ్నీ, మనం నిజాన్ని ఎలా సర్దుకుంటామో నేర్చుకుంది."

అగ్నివేశ్ చెవులు ఎర్రబడ్డాయి.

"రోగి మాటల్లో పొంతన లేదు," అంది ఆంత్రసాక్షి. "జ్వరప్రలాపంగా నమోదు చేశాను. మత్తు ఇచ్చి జిగురు ఎక్కించడానికి డాక్టరు గారి ఆమోదం కావాలి."

హాసిని అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదు. కట్టు విప్పి ఒక్కసారి వేలు పెట్టి చూడు. కుట్టులో చిక్కిన పేగు చేతికే తగులుతుంది."

అగ్నివేశ్ కట్టు వైపు చూశాడు. అర నిమిషం పని అది. చెయ్యి సగం దాకా చాచి ఆగిపోయాడు. తర్వాత ఆవిడ వేళ్లను ఒక్కొక్కటిగా, ఎంతో మర్యాదగా, తన చొక్కా మీద నుంచి విడదీశాడు.

"మీరేమీ ఆలోచించకండి మేడమ్. మేమంతా లేమూ," అని తెర మీద ఆమోదం నొక్కాడు.