కుట్టులో పోయిన అక్షరాలు

"ఏమండీ, ఇది పుస్తకమా, పజిలా? ఎటు తిప్పినా వెనకనుంచే మొదలవుతోంది!"

కొట్టు ముందు నిలబడి అరుస్తున్నవాడి పేరు మస్తాన్ వలీ. ఊరు బాపట్ల. ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాడు. ఆ వేసవిలో, అంటే డెబ్భై ఎనిమిదిలో, యూనివర్సిటీవాళ్లు బయటి ఊళ్ల విద్యార్థుల కోసం ఆదోని కాలేజీలో ఆరు వారాల కోర్సు ఒకటి పెట్టారు. చరిత్ర, సాహిత్యం, కళలు అన్నీ కొంచెం కొంచెం. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం ఊళ్లు తిరగడం, వారానికొక రిపోర్టు చేత్తో రాసి, శుభ్రంగా బైండు చేయించి భీమసేనరావు సారుకు ఇవ్వడం. మే నెలలో ఆదోని ఎండకు కాకి కూడా గూడు దాటదు. ఆ పిల్లలు మాత్రం నెత్తిన తువ్వాళ్లు వేసుకుని కోట గోడలు కొలుస్తూ తిరిగేవాళ్లు. చదువుకున్నవాళ్లకు అదేం పోయేకాలమో!

ఆ అరుపులన్నీ నిమ్మళంగా వింటున్న ముసలాయన పీరా సాబ్. ముప్పై ఏళ్లుగా ఆ బజారులో బైండింగు కొట్టు ఆయనది.

"కుట్టాల్సింది ఎడమవైపండీ! మీరు కుడివైపు కుట్టారు. ప్రతి వరుసలో చివరి రెండక్షరాలు కుట్టులోకి పోయాయి. రేపు సారుకు ఏం మొహం పెట్టుకుని చూపించను?"

"తప్పు నాదే నాయనా. వారం పొడుగునా మదరసా పుస్తకాలు కుట్టినా. ఉర్దూ పుస్తకానికి కుట్టు కుడిపక్కనే కదా. సెయ్యి ఆ అలవాటు మీద పోయింది. ఇట్లియ్యి, సాయంత్రానికి సరిచేసి పెడతా."

"పెద్దవారు, ఏమీ అనలేకపోతున్నాను గానీ, కళ్లతో చూసి కుట్టాలి కదండీ!"

ఆ మాటకు కొట్టు వెనకున్న పరదా కదిలింది.

"ఆయన్నేమీ అనొద్దండి. కుట్టింది నేను. అనేదేమన్నా ఉంటే నన్ననండి."

"నువ్వు ఊరుకో షాహిదా," అన్నాడు పీరా సాబ్. పరదా అంచు దగ్గర ఒక చెయ్యి మాత్రం కనబడుతోంది. వేళ్ల నిండా మైదా జిగురు, చూపుడువేలికి దారం కోసిన గీతలు.

ఆ చెయ్యి షాహిదాబీది. పీరా సాబ్ రెండో కూతురు. పెద్దమ్మాయి నసీబ్‌బీ పెళ్లయి ఎమ్మిగనూరు వెళ్లిపోయింది. తల్లి ఎప్పుడో పోయింది. రెండేళ్ల కిందట పీరా సాబ్ కళ్లకు పొర కమ్మింది. ఆపరేషను చేయించినా ఒక కన్ను పోనే పోయింది, రెండోదానికి మనిషి ఆకారం కనబడుతుందంతే. అప్పటినుంచి దబ్బనం కూతురు చేతికి వచ్చింది. ఆయన కొట్టు ముందు కూర్చుని కాగితాలు తీసుకుంటాడు, పరదా వెనక ఈమె కుడుతుంది. చూపులేనివాడి కొట్టని బజారులో తెలిస్తే పుస్తకాలు ఎవరూ తేరని షాహిదా భయం. ఆ భయంతోనే రెండేళ్లు పరదా దాటలేదు. వచ్చిన సంబంధాలు కూడా ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపింది. తను వెళ్లిపోతే ఈయన గతేం కాను?

"ఎవురికీ సెప్పొద్దండి," అన్నదామె మెల్లిగా. ఇందాకటి కోపం గొంతులో లేదు.

"చెప్పను. ఒట్టు," అన్నాడు మస్తాన్ వలీ. ఇందాకటి అరుపు ఇతని గొంతులోనూ లేదు.

కుట్టు విప్పేటప్పుడు షాహిదా ఆ రిపోర్టు మొత్తం చదివేసింది. అది ఆమెకున్న పాడలవాటు. పి.యు.సి.తో చదువు ఆగిపోయినా కొట్టుకు వచ్చిన కాగితం చదవకుండా కుట్టదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, అందులో ఒకరు మధ్యాహ్నమంతా కునుకు తీస్తారు. దూరంగా రైలు కూత, పత్తి మిల్లు రొద తప్ప ఆ ఇంట్లో మాట వినబడదు. ఎవరెవరివో పాఠాలు, ఎవరెవరివో డైరీలు, అవే ఆమెకు పలకరింపులు. కుట్టి పంపేశాక అవీ ఉండవు.

చదువుతుంటే ఒకచోట ఒళ్లు మండింది. 'కోటలోని మెట్లబావి పూర్తిగా ఎండిపోయినది' అని రాశాడు మహానుభావుడు. పెన్సిలు తీసుకుని పక్కన సన్నగా రాసింది: 'ఎండలేదు. పైనుంచి చూసి వచ్చేస్తే ఎట్లా? రాయి వేసి వినండి.'

రాసిందే గానీ, పుస్తకం వెళ్లిపోయాక నాలుక కరుచుకుంది. గిరాకీ కాగితం మీద ఎవరైనా రాస్తారా!

మూడో రోజు మస్తాన్ వలీ మళ్లీ వచ్చాడు. చేతిలో ఇంకో కట్ట కాగితాలు.

"రాయి వేశానండీ," అన్నాడు పరదా వైపు తిరిగి.

"వినపడిందా?"

"బాగా వినబడింది. సారు కూడా విన్నారు. 'ఈ సంగతి నీకెవరు చెప్పార్రా' అని అడిగారు."

"ఏం సెప్పినారు?"

"కలలో కనబడింది సార్ అన్నాను."

పరదా వెనక కిసుక్కున నవ్వు వినబడింది. పీరా సాబ్ ముఖం అటు తిప్పి, గడ్డం సవరించుకుని, ఏమీ విననట్టు కూర్చున్నాడు. ఆ ఇంట్లో అట్లాంటి నవ్వు విని ఎన్నాళ్లయిందో ఆయనకే తెలుసు.

రెండో రిపోర్టులో ఎమ్మిగనూరు మగ్గాల సంగతి రాశాడు. 'నేతగాండ్రు ఏడాది పొడుగునా తెల్లవారగానే పనిలో దిగుదురు' అని. షాహిదా ఊరుకుంటుందా? 'వాన పడితే మగ్గం గుంటలో నీళ్లు ఊరతాయి. ఆ పొద్దు యాడ దిగాల? మా అక్క వీధిలో అడగండి' అని రాసింది. మూడోదానిలోనూ తప్పే. నాలుగోదానిలో అయితే ఏకంగా ఇట్లా ఉంది: 'ఆదోని ప్రజల ముఖ్యవృత్తి చేపలు పట్టుట.'

షాహిదా ఆ వరుస రెండుసార్లు చదివింది. చెంపలు వేడెక్కాయి. ఈ పెద్దమనిషి కావాలనే తప్పులు రాస్తున్నాడు!

'వల మీరు తెచ్చుకున్నారా, మమ్మల్నే అల్లమంటారా?' అని రాసి, పెన్సిలు కింద పడేసి, మోకాళ్ల మీద తల పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి ఎందుకో ఏడుపొచ్చింది. ఇంకా రెండే వారాలు. ఆ తరువాత ఈ చేతిరాత రాదు.

"ఒక్కసారి పరదా ఇవతలికి రారా?" అని అడిగాడతను అయిదో వారం, పీరా సాబ్ నమాజుకు వెళ్లినప్పుడు.

"ఎందుకంట?"

"ఈ అయిదు వారాల్లో కోట చూశాను, మగ్గాలు చూశాను, మంత్రాలయం వెళ్లి తుంగభద్ర చూశాను. నా తప్పులు దిద్దే మనిషిని మాత్రం చూడలేదు."

"సూసి ఏం సేస్తారు? అది గూడా తప్పుగానే రాస్తారు."

అతను నవ్వాడు. ఆమె పరదా అంచు పట్టుకుంది. పట్టుకుని, వదిలేసింది.

ఆఖరి రిపోర్టు శుక్రవారం మధ్యాహ్నం, పీరా సాబ్ లోపల కునుకు తీస్తుండగా, మస్తాన్ వలీ తెచ్చి ఇచ్చి కొట్టు ముందే నిలబడ్డాడు. శనివారం పదకొండింటికి కాలేజీలో ముగింపు సభ. ఎంపిక చేసిన రిపోర్టు భీమసేనరావు సారు అందరిముందూ చదువుతారు. సాయంత్రం రైలుకు అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు.

షాహిదా మొదటి పేజీ తిప్పింది. 'కృతజ్ఞతలు' అని ఉంది. కింద ఒకటే వాక్యం: 'ఈ ఊరు గురించి నాకు తెలియనిదంతా దిద్ది, ఈ పుస్తకాలన్నీ కుట్టినవారు, ఆదోని బైండరు షాహిదాబీ గారు.'

షాహిదా ఆ పేజీ పట్టుకుని లేచింది. పరదా జరిపి, మొదటిసారి, అతని ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఒట్టు పెట్టినారే! ఎవురికీ సెప్పనంటిరే!"

మస్తాన్ వలీ ఆమె ముఖం చూసి, అడిగిన మాట మరచిపోయి, తడుముకున్నాడు. "ఇది... ఇది వేరండీ. మీ పని మీదే అని రాశాను. అబద్ధం రాయలేకపోయాను."

"నిజాలు మీకు బాగుంటాయప్పా. మీకిది ఆరు వారాల ముచ్చట. రేపు రైలెక్కి పోతారు. ఈడ బతకాల్సింది మేము. సారు ఇది సభలో సదివితే ఎల్లుండి మా అబ్బా ముందర ఎవురు కాగితం పెడతారు?"

కత్తి తీసుకుని ఆ పేజీ సర్రున కోసేసింది.

అతని ముఖం పాలిపోయింది. "ఆ పేజీ లేకపోతే ఆ రిపోర్టు నాకొద్దండీ," అని, కాగితాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు చేసి వచ్చిన పీరా సాబ్‌కు కొట్టులో ముక్కు చీదుకునే చప్పుడు వినబడింది.

"ఏం రాసినాడు బేటీ? సదువు."

చదివింది. ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "బజారంతా తెలుసు షాహిదా."

"ఏం తెలుసు?"

"నా కండ్లు పోయిన సంగతి, నువ్వు కుడతాండే సంగతి. ఆ కాగితాలమ్మే బసప్ప పోయినేడే అన్నాడు, 'పీరా సాబ్, నీ కుట్టు కంటే నీ బిడ్డ కుట్టే గట్టి' అని. అందుకే మనకాడికి వస్తాండారు."

"మరి నాకెందుకు సెప్పలేదబ్బా?"

"గుడ్డోని కూతురనిపించుకునేదానికి నీకు నామోషీ ఏమో, అందుకే దాస్తాండావేమో అనుకొంటి. నువ్వు దాస్తాంటే నేను గూడా దాసినా."

షాహిదా చేతిలోని పేజీ పక్కన పెట్టింది. రెండేళ్లు! ఎవరికీ అక్కరలేని రహస్యం కోసం రెండేళ్లు వెలుతురు చూడకుండా కూర్చుంది. ఒకే కప్పు కింద ఉండి, ఒకరికోసం ఒకరు దాచుకుంటూ, ఇద్దరూ ఎంత ఒంటరిగా బతికారో! తండ్రి ఒళ్లో తల పెట్టుకుని బావురుమంది.

"ఆ పిల్లోడు మంచోడే," అన్నాడు పీరా సాబ్ ఆమె తల నిమురుతూ. "నాకు కనపడకపోతేనేం, ఐదు వారాలుగా ఇంటాండాను కదా."

పొద్దున్నే లేచి కోసిన పేజీని సన్నటి కాగితం పట్టీతో అతికించింది. కుట్టింది, అట్ట వేసింది, బురఖా వేసుకుంది. కాలేజీ దారి సగంలో ఉండగా ఏడాదికి మొదటి వాన దబదబా దిగింది. రిపోర్టు గుండెకు అదుముకుని పరుగెత్తింది. వరండాలో ఒక మూల, పెట్టె మీద కూర్చుని ఉన్నాడు మస్తాన్ వలీ.

"తీసుకోండి. తడవలేదు," అన్నది రొప్పుతూ.

అతను మొదటి పేజీ తెరిచాడు. చూసి, కళ్లెత్తి ఆమెను చూశాడు.

"సదవమనండి సారును. అందరికీ తెలిసిందేనంట. తెలీనిది నాకొక్కదానికే."

"షాహిదా గారూ, మీతో ఇంకో మాట చెప్పాలి. రాత్రంతా..."

"నేను ముందు సెప్తాను. మళ్లా ధైర్నం రాదు." ముఖం మీద వాన తుడుచుకుంది. "మీరంటే నాకిష్టం. కానీ మా అబ్బాను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను. బాపట్లకు రాను, స్వర్గానికి పిలిచినా రాను. కావాలంటే మీరే రాండి."

లోపలినుంచి సభకు గంట కొట్టారు.

"ఉత్తరాలు రాసి ఆశపెట్టను," అన్నాడతను చివరికి. "మా అమ్మను అడగాలి. ఇక్కడ బతుకుతెరువు చూసుకోవాలి. వస్తే మనిషినే వస్తాను."

ఆ సాయంత్రం రైలు కూత వినబడినప్పుడు షాహిదా చేతిలో దబ్బనం ఆగింది. అంతే, మళ్లీ కదిలింది.

జూన్ పోయింది. జూలై పోయింది. షాహిదా ఇప్పుడు కొట్టు ముందే కూర్చుంటోంది. బజారు పలకరిస్తోంది, నవ్వుతోంది, పని చెబుతోంది. అయినా ఏం లాభం? ఇదివరకు ఒంటరితనానికి పేరు లేదు, ఇప్పుడుంది. ఏ కట్ట వచ్చినా ముందు చేతిరాత చూసేది. పోస్టుమాన్ రాడని తెలిసీ చూసేది. తప్పులు దిద్దడం కూడా మానేసింది.

ఆగస్టు చివర, ఒక మబ్బు మధ్యాహ్నం, తెల్లచీర ముసుగు వేసుకున్న పెద్దావిడ కొట్టు ముందు ఆగింది. చేతిలో సంచి, ముఖంలో ప్రయాణం బడలిక.

"ఇక్కడ షాహిదాబీ అనే బైండరు ఎవరమ్మా?"

షాహిదా లేచి నిలబడింది. ఆ మాట తీరు ఎక్కడిదో వినగానే తెలిసింది. "నేనేనమ్మా."

ఆవిడ పైనుంచి కిందిదాకా చూసింది. జిగురు అంటిన వేళ్ల దగ్గర చూపు ఆగింది.

"నా పేరు సైదా బీ. బాపట్ల నుంచి వస్తున్నాను. మా వాడికి ఈ ఊళ్లో ట్యుటోరియల్ కాలేజీలో పని దొరికింది. మూడు నెలలు తిరిగి తిరిగి సంపాదించాడు. వాణ్ని బస్టాండులో కూర్చోబెట్టి వచ్చాను. ముందు నేను చూడాలి, ఆ పిల్ల ఔనంటేనే నువ్వు రావాలి అన్నాను. ఏమంటావమ్మా?"

"ఎవరు బేటీ?" అన్నాడు లోపలినుంచి పీరా సాబ్.

షాహిదాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"మూడు నెల్లు ఒక్క ముక్క రాయలేదమ్మా మీ కొడుకు," అన్నది. "ముందు బాగా తిట్టాల. రమ్మనండి."