అత్త చేతి కప్ప మందు

ఆ ఇంట్లో మాంసం ఉడికి ఎన్నాళ్లయిందో! ఉడకబెట్టిన కర్రపెండలం ముక్కలు చూసి పిల్లలు మొహాలు ముడుచుకుంటుంటే నోమా బతిమాలి తినిపిస్తోంది. వేటకి వెళ్లాల్సిన మొగుడు రోనో రెండు గుంజలకి కట్టిన నార ఊయలలో అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ ఊయల పక్కనే చతికిలబడి అత్త షావా ఇవాళ కూడా మొదలుపెట్టింది. కొడుకుని ఒక్క మాట అనదు. అనేదంతా కోడల్నే! ఇది కాపురానికి వచ్చాకే వాడి చేతికి బద్ధకం పట్టిందట. ఒకప్పుడు బాణం వదిలితే అడవిపంది కూలేదట, ఇప్పుడు వాణ్ణి చూస్తే ఉడతలు కూడా కొమ్మ దిగి పలకరించి పోతున్నాయట. మొగుడు పడుకుంటే పెళ్లాం కట్టెలు మొయ్యడం, పెళ్లాం పడవ తొయ్యడం... ఎక్కడైనా ఉందా?

నిజం తెలిసింది ఆ మొగుడూ పెళ్లాలిద్దరికే. పోయిన వానాకాలం ఇద్దరూ పెండలం పిండి అమ్మడానికి పట్నం వెళ్లినప్పుడు, రేవు మెట్ల మీద రోనో గుండె పట్టుకుని కూలిపోయాడు. డాక్టరు పరీక్ష చేసి, గుండె బాగా దెబ్బతిందనీ, బరువులెత్తడం, గుట్టలెక్కడం ఇక వద్దనీ చెప్పాడు. తిరుగు పడవలో రోనో ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. "అమ్మకి చెప్పకు నోమా. గుండె జబ్బువాణ్ణని తెలిస్తే నన్ను ఎవరూ వేటగాడనరు. బద్ధకస్తుణ్ణి అంటే అననీ, పడతాను" అన్నాడు. పడింది మాత్రం ఎవరు? ఇచ్చిన మాట కోసం ఆ మహాతల్లి నోమాయే అన్నీ పడింది!

షావా చెడ్డ మనిషి కాదు. ఆ ఏటి వంపు ఊళ్లలో బద్ధకం వదిలించే కప్ప మందు పెట్టడంలో ఆమె చేతికి సాటి లేదు. చీకటి విడవకముందే చెట్ల కిందకి వెళ్లి కప్ప గొంతుతోనే పిలుస్తుంది, అది పైనించి బదులు పలుకుతుంది. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు దాన్ని దింపి, నాలుగు కాళ్లకీ మెత్తటి నార కట్టి, వీపు మీద ఊరిన తెల్లటి పాలు పుల్లకి గీకి తీస్తుంది. మళ్లీ ఎండెక్కేలోగా ఆ చెట్టు మీదే వదిలేస్తుంది. కప్పకి చిన్న గాయమైతే ఆ రోజు ఎవరికీ మందు పెట్టదు. అంత నిష్ఠ! మందుతో పాటు పెట్టేవాళ్ల గుణం కూడా పుచ్చుకునేవాళ్ల ఒంట్లోకి పోతుందని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే సోమరిచేత, అబద్ధాలకోరుచేత ఎవరూ పెట్టించుకోరు. షావా చేత మాత్రం మగవాళ్లు కూడా పెట్టించుకుంటారు. ఊళ్లో ఆడపిల్లలందరికీ పెట్టింది, సొంత కోడలికి తప్ప! ఒకసారి నోమా నోరు తెరిచి అడిగితే, నా గుణం ఎక్కడ పడితే అక్కడ పొయ్యనంది. ఆ మాట నోమా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి షావా ఇవాళ తేల్చి చెప్పేసింది. తెల్లారగానే కొడుక్కి మందు పెడుతుందట, వాళ్ల నాన్నకి పెట్టినట్టు భుజం నుంచి మోచేతి దాకా చుక్కలు కాల్చి! ఆ మందు పడితే రాయిలాంటివాడి గుండె కూడా అదిరిపోతుంది, మొహం ఉబ్బుతుంది, ఇక చచ్చాననుకుంటాడు. కాసేపటికి కొత్తగా పుట్టినట్టు లేస్తాడు. మరి ముందే దెబ్బతిన్న గుండెకి...? ఒద్దని చెప్పమని నోమా బతిమాలింది. రోనో వినలేదు. అమ్మ ముందు తల దించుకునే కంటే చావే నయమన్నాడు.

తెల్లవారింది. రోనో కడుపు నిండా గంజి తాగి దుంగ మీద కూర్చున్నాడు. షావా కాలుతున్న తీగపుల్లతో అతని చేతి మీద వరసగా చుక్కలు పెట్టింది, పుల్ల మీద ఎండిన మందుని ఉమ్మితో తడిపి మెత్తగా చేసింది. రోనో భార్య వంక చూశాడు. చెప్పకు అన్న చూపు! చెబితే ఈ మనిషి జన్మలో నా మొహం చూడడు, చెప్పకపోతే చూడ్డానికి మనిషే మిగలడు... నోమా పరుగున వెళ్లి ఆ కాలిన చేతిని తన అరచేతులతో కప్పేసింది.

"చెయ్యి తియ్యి. మందుకి అడ్డం పడేంతదానివయ్యావా?" అంది షావా.

"నన్ను పుట్టింటికి తోలేసినా సరే అత్తా, ఈయనకి మందు పెట్టకు. ఈయనది బద్ధకం కాదు, గుండె జబ్బు. పట్నం డాక్టరు చెప్పాడు. ఇది పడితే బతకడు..."

రోనో మొహం చేతుల్లో దాచుకున్నాడు. షావా మందు పుల్లని ఆకు మీద పెట్టి, కొడుకు గుండెకి చెవి ఆనించింది. ఎందరెందరి గుండెలనో విన్న చెవి అది, కొడుకు గుండె తప్పటడుగులు వేస్తుంటే పోల్చుకోలేదా? ఆమె కళ్లు ధారలు కట్టాయి.

"ఈ మందు బద్ధకాన్ని తరుముతుంది నాయనా, జబ్బుని కాదు. ఆ తేడా నా కడుపున పుట్టినవాడి దగ్గరే మర్చిపోయాను" అంది.

"వేట లేకపోతే నేనెవర్నమ్మా?" అన్నాడు రోనో వెక్కుతూ.

"నా కొడుకువి. కూర్చుని బాణాలు చెక్కు. పిల్లలకి జంతువుల అడుగులు పోల్చుకోవడం నేర్పు. అడవికి వెళ్లేవాళ్లు వెళ్తారు, నువ్వు బతికుండు, చాలు."

తర్వాత కోడలి వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఇది కట్టెలు మోసింది, నీళ్లు మోసింది, తోట తవ్వింది, వాటన్నిటి పైన తన తిట్లు కూడా మోసింది. ఈ పిల్లనేనా బద్ధకం తెచ్చిపెట్టిందన్నది! షావా దగ్గరికొచ్చి, కడుపుతో లేవు కదా అని మెల్లగా అడిగింది. లేనని తలూపితే ఆమె గుండెకీ చెవి ఆనించి వింది, స్వయంగా గంజి తాగించింది. మందు కోసం పిక్క మీద కాల్చబోతే, నిప్పు తగలకముందే నోమా భోరుమంది.

మందు పడగానే చెవుల్లోంచి ఆవిరి పోయినట్టయింది. గుండె దడదడలాడింది, పెదాలు ఉబ్బాయి. ఇన్నాళ్లూ మింగిన చేదంతా పసుపు పచ్చగా కక్కేసింది. షావా ఆమె జుట్టు పైకి ఎత్తి పట్టుకుంది. జన్మలో మొహం చూడడనుకున్న రోనో సొరబుర్రతో నీళ్లు తెచ్చి ఆమె తల మీద పోసి, వెనకే కూర్చుని తన ఒంటికి ఆనించుకున్నాడు. దడ తగ్గి, ఒళ్లు తేలికపడి, నోమా కళ్లు మూతలు పడుతున్నాయి.

అటుగా వచ్చిన పొరుగింటావిడ ఆగిపోయి, ఎన్నాళ్లకి కోడలికి చెయ్యి తగిలించావు షావా, నీ గుణమంతా దానికే పోసేశావా ఏమిటని వేళాకోళమాడింది.

"దానికి నేను పోసేదేముందే... కొత్త నెలలో నాకు మందు పెట్టేది అదే" అంది షావా.

నోమా ఆ మాట విని మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని నిద్రపోయింది.