కిందికి బిగించిన పిడి

సముద్రతీరపు ఊరు గ్రేమౌత్‌లో ఆ ఉదయం కూడా వాన పడుతూనే ఉంది. చక్రాల కుర్చీలో కూర్చున్న నోలీన్, కూతురు జనీన్ వెన్న రాసిచ్చిన రొట్టె ముట్టలేదు. మర్నాడే భర్త మెర్విన్ అంత్యక్రియలు.

మెర్విన్ ఆ తీరంలో నదుల మీద వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఏదైనా అవసరానికి మించి గట్టిగా కట్టడం ఆయన జబ్బు. కోళ్లగూడు కట్టినా దాని మీద లారీ ఎక్కగలగాలి. పిల్లలకి వేసిన ఉయ్యాల స్తంభాలు పీకడం ఎవరి తరమూ కాక ఇప్పటికీ పెరట్లోనే ఉన్నాయి.

ఊళ్లో పెద్దవాళ్లు మంగళవారాలు ఒక షెడ్డులో చేరి, టీ తాగుతూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ, ఎవరి శవపేటిక వాళ్లు చేసుకుంటారు. మెర్విన్ కూడా చేసుకున్నాడు. కాకపోతే అది పూర్తయ్యేనాటికి ఆయనకు మతిమరుపు ముదిరింది.

కొడుకు క్రెయిగ్ గరాజ్‌లోంచి వచ్చాడు. "అమ్మా, ఆ పెట్టె వద్దు. కొన్నది తెప్పిస్తాను."

"ఎవర్నడిగి?"

"మోసే పిడులు ఆరింట్లో ఒకటి జానెడు కిందికి బిగించాడు. రేపు ఊరంతా వస్తుంది. పాపం, ఇంజనీరుకి ఆఖర్న కొలతలు కూడా తెలీలేదంటారు. మా నాన్నని ఆ మాట అననివ్వను."

"అంటే అననీరా. ఆయన చేసుకున్న దాంట్లోనే వెళ్తాడు."

"నీకేం, నువ్వు కూర్చునే ఉంటావు. మోసేది మేం కదా," అనేశాడు క్రెయిగ్. అన్నాక తల దించుకున్నాడు.

"నోరు కాస్త అదుపులో పెట్టుకో," అంది జనీన్.

"పోనీ, ఆ పిడి విప్పి సరిచేస్తాలే," అని అతను స్క్రూడ్రైవర్ తీశాడు.

"నన్ను తీసుకెళ్లి చూపించు," అంది నోలీన్.

జనీన్ కుర్చీని గరాజ్‌లో మోసే ఎత్తున నిలిపిన పెట్టె పక్కకు తోసింది. నోలీన్ చెయ్యి చాపింది. వంగక్కర్లేకుండా, సాగక్కర్లేకుండా, చెయ్యి నేరుగా ఆ పిడి మీదికి వెళ్లింది.

"పోయిన చలికాలం నన్ను ఇలాగే కూర్చోబెట్టి టేపుతో చెయ్యి కొలిచాడు. కుర్చీకి బల్ల చేస్తానన్నాడు. బల్ల రాలేదు. మరిచిపోయాడనుకుని నేనూ అడగలేదు."

క్రెయిగ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, తండ్రి చేసిన పెట్టె మీద తల ఆన్చి ఏడ్చాడు. "ఆయన లెక్క ఎప్పుడు తప్పింది గనక," అంటూ నోలీన్ అతని వీపు నిమిరింది. ఆ గొంతులో దుఃఖం కంటే గర్వమే ఎక్కువ.

మర్నాడు చర్చి నుంచి పెట్టెను క్రెయిగ్‌తో కలిపి ఐదుగురు ఎత్తుకున్నారు. ఆరో పిడి నోలీన్ పట్టుకుంది. జనీన్ కుర్చీ తోస్తుంటే అందరూ ఆ కుర్చీ వేగానికే నడిచారు.

"ఆ ఒక్కటీ కిందికుందేమిటి?" అని పక్కనున్నాయన మెల్లిగా అడిగాడు.

"అది మా అమ్మది," అన్నాడు క్రెయిగ్, నలుగురికీ వినబడేలా.