మేలుకోకూడని నేల

"నీకన్నా ముందు ఈ పని మీద వెళ్లింది మీ బాబాయే," అన్నాడు చీఫ్. "నెల దాటింది. మనిషి లేడు, మెసేజ్ లేదు."

ఆమె బాబాయి ఫైలు అందుకుంది. తనను ఈ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చేర్చింది బాబాయే.

"ఆ సర్కారీ ఫారమ్‌ది పీట్ నేల. వేల ఏళ్లుగా కుళ్లకుండా పోగుపడిన ఆకూ అలమూ. దున్నితే గాలి తగిలి, అందులోని కార్బన్ ఆకాశానికి పోతుంది. దాన్ని ఆపడానికి చెక్కపొట్టు, గడ్డిపొడి చల్లబోతున్నారు. ఒక విదేశీ ముఠా అందులో సున్నం, యూరియా కలిపేసిందని అనుమానం. అది పడిందా, నిద్రపోతున్న నేల మేలుకుని కుళ్లడం మొదలెడుతుంది. రేపు పదింటికి చల్లుతారు. రుజువు లేనిదే ఆపమంటే మంత్రిగారు వినరు."

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆమె మట్టి టెక్నీషియన్ వేషంలో పొలంలో ఉంది. చుట్టూ దట్టమైన పొగమంచు. అడుగు వేస్తే నేల మెత్తగా దిగి మళ్లీ లేస్తోంది, కింద ఎవరో ఒత్తిగిల్లినట్టు.

గ్యాస్ మీటర్ ఆన్ చేసింది. నేల వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పెట్టె అది. మూత తెరిచి గాలి ఆడనిస్తే అంకె మామూలు గాలిలో ఉండే నాలుగొందలకు దిగాలి. దిగలేదు. ఆరొందలు. ఎనిమిదొందలు. తగ్గింది. మళ్లీ పెరిగింది.

"బాబాయ్?" అంది, తనకే వినపడనంత మెల్లగా.

నేల ఊపిరి ఇలా ఊగదు. మనిషి ఊపిరే ఊగుతుంది. తన ఊపిరి బిగబట్టి చూసింది. అంకె ఇంకా ఊగుతూనే ఉంది.

గిర్రున తిరిగి మంచులోకి చెయ్యి విసిరింది. పట్టు స్కార్ఫ్ చిక్కింది.

ఫారమ్ సైంటిస్టు! ఎవరినైనా ఒక్క నవ్వుతో పడేసే అందగత్తె. ఇన్నాళ్లూ డిపార్ట్‌మెంట్‌కు ముఠా రహస్యాలు అందించిందీ ఆమే. ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. మణికట్టు మెలితిప్పగానే అది బురదలో పడింది.

"మా బాబాయి ఎక్కడ మేడమ్?"

"అబ్బ, మీ ఇంటిల్లిపాదికీ ఇదే జబ్బా? వద్దంటే వినకుండా మూడో గోడౌన్ తాళం తీశాడు, పొడి రుచి చూసి మేం కలిపిన సున్నం కనిపెట్టాడు. ఇప్పుడు నీ కాళ్ల కిందే ఉన్నాడు. పలకరించు!"

కాలర్ బొత్తాంలోని ట్రాన్స్‌మిటర్ ఆ మాటలన్నీ చీఫ్‌కు చేరవేసింది. మంచులో ఎక్కడో గర్రుమని మొదలైన యంత్రం, పది కావడానికి నిమిషం ముందు, పిడికెడు పొడి కూడా చల్లకుండా ఆగిపోయింది.

ఆమె ఒక అడుగు పక్కకు వేసింది. నిద్రలో ఉన్నవాళ్లను లేపకూడదన్నంత మెల్లగా.

"శభాష్!" చెవిలో చీఫ్ గొంతు వినిపించింది. "మీ బాబాయి ఫైలు ఇక మూసెయ్యమంటావా అమ్మా?" అన్నాడు.

"అప్పుడే వద్దు సార్. ఏదీ కుళ్లని ఈ నేలలో ఆయనకింకా వెయ్యేళ్ల సర్వీసుంది."